ఎల్‌బీనగర్ పక్కనే జింకల అడవి: హరిణ వనస్థలిలో టెంట్ వేసుకోవచ్చా? ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు?

మీరు దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఎల్‌బీనగర్‌లోనో ఉంటున్నారా? అయితే ఒక నేషనల్ పార్క్ మీకు కూతవేటు దూరంలోనే ఉంది. పేరు మహావీర్ హరిణ వనస్థలి. విజయవాడ హైవే మీద వెళ్తుంటే వనస్థలిపురం దాటాక ఆటోనగర్ దగ్గర కనిపించే 'డీర్ పార్క్' ఇదే. సెలవు రోజున పిల్లలతో వెళ్లాలనుకునేవారికి వచ్చే మొదటి సందేహం ఒకటే. రాత్రి అక్కడే టెంట్ వేసుకుని ఉండొచ్చా?

సూటిగా చెప్పాలంటే, సొంతంగా టెంట్ తీసుకెళ్లి ఉండటం కుదరదు. పగటిపూట టికెట్ తీసుకుని వెళ్లి చూసి రావచ్చు. ఎందుకో చూద్దాం.

అసలు ఏమిటీ పార్క్?

ఒకప్పుడు ఇది నిజాం నవాబుల వేట మైదానం. వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణ వార్షికోత్సవం సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టారు. 1994లో నేషనల్ పార్క్ హోదా వచ్చింది. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు, అంటే సుమారు 3,600 ఎకరాలు. తెలంగాణలో ఉన్న మూడు నేషనల్ పార్కుల్లో ఇదొకటి. మిగతా రెండు, కేబీఆర్, చిలుకూరు దగ్గరి మృగవని కూడా హైదరాబాద్ పరిధిలోనే ఉన్నాయి.

ఇక్కడ ప్రధాన ఆకర్షణ కృష్ణజింక. మచ్చల జింకలు, నెమళ్లు, అడవి పందులు కూడా ఉన్నాయి. కృష్ణజింకను, మచ్చల జింకను గుర్తుపట్టడం తేలికే. మగ కృష్ణజింక కొమ్ములు మెలికలు తిరిగి నిటారుగా ఉంటాయి, జీవితాంతం ఊడవు. మగ మచ్చల జింక కొమ్ములు కొమ్మల్లా చీలి ఉంటాయి, ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి.

చట్టం ఏం చెబుతోంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం నేషనల్ పార్క్‌లోకి వెళ్లడానికీ, అక్కడ ఉండటానికీ అనుమతి తప్పనిసరి. పర్యాటకం, ఫొటోగ్రఫీ, పరిశోధన వంటి అవసరాలకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వొచ్చు. మీరు గేటు దగ్గర కొనే టికెట్ పగటి సందర్శనకే. అటవీ శాఖ స్వయంగా నేచర్ క్యాంప్ ఏర్పాటు చేస్తే సంగతి వేరు. అప్పుడు వారి నిబంధనల ప్రకారం పాల్గొనవచ్చు.

జంతువులను రెచ్చగొట్టడం, చెత్త వేయడం, అడవికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడం కూడా ఇదే చట్టం కింద నిషిద్ధం. అంటే క్యాంప్‌ఫైర్, బార్బెక్యూ మాట మర్చిపోవాల్సిందే.

ఒక్క రాత్రి ఉంటే నష్టమేంటి?

కృష్ణజింకకు రక్షణ దాని కళ్లు, కాళ్లే. బహిరంగ గడ్డి మైదానంలో దూరం నుంచే ప్రమాదాన్ని పసిగట్టి పరుగు తీస్తుంది. కానీ ఇక్కడ చుట్టూ కాలనీలు, హైవే, కంచె. భయపడి పరిగెత్తినా వేరే చోటుకు వెళ్లే దారి లేదు. రాత్రి లైట్లు, స్పీకర్లు తోడైతే వాటికి ఊపిరి పీల్చుకునే సమయమే ఉండదు. తీవ్రమైన భయం, అలసటతో కండరాలు దెబ్బతిని జింకలు చనిపోయే ప్రమాదం కూడా ఉంది.

అందుకే దారి తప్పిన జింక మీ కాలనీలోకి వస్తే వెంటపడొద్దు, చుట్టూ గుమిగూడి వీడియోలు తీయొద్దు. కుక్కలను దూరంగా ఉంచి అటవీ సిబ్బందికి చెప్పండి.

ఎలా వెళ్లాలి?

మెట్రో రెడ్ లైన్‌లో చివరి స్టేషన్ ఎల్‌బీనగర్. అక్కడ దిగి హయత్‌నగర్ వైపు వెళ్లే బస్సో, ఆటోనో ఎక్కితే పార్క్ దగ్గర దిగొచ్చు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ బస్సులు కూడా ఇదే దారిలో వెళ్తాయి. సాధారణంగా సోమవారం సెలవు. వేళలు, టికెట్ ధరలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు కనుక్కోండి.

లోపల గుర్తుంచుకోవాల్సినవి:

• సందర్శకులకు కేటాయించిన దారిలోనే నడవండి. గడ్డిలోకి దిగొద్దు.
• జింకలకు బిస్కెట్లు, చిప్స్ పెట్టొద్దు. ఉప్పు వాసనకు కవర్లు కూడా మింగేస్తాయి. ప్లాస్టిక్ కడుపులో పేరుకుపోతే ప్రాణానికే ముప్పు.
• నీళ్ల సీసాలు వెంట తెచ్చుకోండి, ఖాళీవి వెంటే తీసుకెళ్లండి.
• ముదురు ఆకుపచ్చ, ఖాకీ, మట్టి రంగు బట్టలు మేలు. మాటలు తగ్గించండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి.
• వేసవిలో తెరవగానే వెళ్లండి. మధ్యాహ్నం ఎండకు జంతువులు నీడకు చేరతాయి.

మరి రాత్రి అడవిలోనే గడపాలంటే?

అనుమతి, వసతి ఉన్న చోట్లను ఎంచుకోండి. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పర్యాటక శాఖ హరిత రిసార్ట్ ఉంది. శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో అటవీ శాఖ సఫారీతో కలిపి బస ప్యాకేజీలు నడుపుతోంది. ముందుగా బుక్ చేసుకోవాలి. వానాకాలంలో సఫారీలు ఆపేస్తారు. ఆ అడవి గుండా వెళ్లే రోడ్డుపై రాత్రి రాకపోకలకూ ఆంక్షలు ఉంటాయి కాబట్టి చీకటి పడకముందే చేరేలా చూసుకోండి.

హరిణ వనస్థలిలో మాత్రం పగలు మనది, రాత్రి జింకలది. ఆ ఒప్పందం నిలబడితేనే నగరం మధ్యలో అవి మిగులుతాయి.