వేగానికి తగిన టైరు

అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనవలసిన నేల అది. వేరుసెనగ చేల నడుమ హైదరాబాదు - బెంగళూరు రహదారి ఈ సీమను దాటిపోతుంది. ఒకప్పటి 7వ నంబరు జాతీయ రహదారియే నేటి 44వ నంబరు రహదారి. దాని ప్రక్కనే, పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద, 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైంది.

ఇటువంటి దారిలో స్పోర్ట్స్ కారు నడుపదలచినవారు ఇంజను శక్తిని గురించి ఎంతో విచారిస్తారు; టైర్లను గురించి అంతగా విచారించరు. కాని కారుకు నేలతో గల సంబంధమంతా నాలుగు అరచేతులంతటి చోట్లలోనే ఉన్నది. ఇంజను వేగమైనా, బ్రేకు పట్టైనా వాటి ద్వారానే నేలకు చేరాలి.

టైరు ప్రక్కగోడపై ‘225/45 ఆర్ 17 94 డబ్ల్యు’ అని ఉన్నదనుకుందాం. 225 మిల్లీమీటర్లు దాని వెడల్పు. ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 45 శాతం. ‘ఆర్’ రేడియల్ నిర్మాణానికి గుర్తు. రిమ్ము వ్యాసం 17 అంగుళాలు. 94 అంటే 670 కిలోల బరువు మోయగలదని, ‘డబ్ల్యు’ అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగానికి తగినదని అర్థం. మన రోడ్లపై అంత వేగం చట్టసమ్మతం కాదు. దానితో పనేమిటని సందేహం కలుగవచ్చు. అధిక వేగానికి నిర్మించిన టైరు వేడిని బాగా తట్టుకుంటుంది. ఈ సీమలో కావలసినది అదే.

మే నెల మధ్యాహ్నం గుత్తి దాటి వచ్చే కారు చక్రాల క్రింద తారు కాలిన పెనం వలె ఉంటుంది. అప్పుడు కొందరు భయపడి టైరులో గాలి కొంత తీసివేస్తారు. ఇది పెద్ద పొరపాటు. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా వంగి, లోలోపల మరింత వేడెక్కి, చివరకు పగిలిపోవచ్చు. కారు కదలక మునుపే, టైరు చల్లగా ఉన్నప్పుడు, తయారీదారు సూచించిన మేరకు గాలి చూసుకోవాలి.

మెత్తని రబ్బరు నేలను గట్టిగా పట్టుకుంటుంది; త్వరగా అరుగుతుంది. ప్రక్కగోడ పొట్టిదైతే మలుపులో కారు చెప్పినట్లు వింటుంది. గుంతలో పడితే మాత్రం రిమ్ము వంగే ప్రమాదం ఉన్నది.

వానలే అరుదైన చోట టైరుకు లోతైన గాడులెందుకు, పందెపు టైర్ల వలె నున్ననివే మేలు కదా అని కొందరి వాదన. పొడి నేలపై వాటి పట్టు అధికమే. కాని నెలల తరబడి రోడ్డుపై పేరుకొన్న దుమ్ము, చమురు తొలి జల్లుకు తడిసి జారుడు పూతగా మారుతాయి. వాన జోరందుకుంటే నీటిని తొలగించే గాడులు లేని టైరు నీటిపై తేలిపోతుంది. స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా ఫలితముండదు. వెడల్పు టైరుకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. అందువలన ఇక్కడ టైరును ఎంచవలసినది ఎండ రోజులను మాత్రమే కాక, ఆ కొద్దిపాటి వాన రోజులను కూడా తలచుకొని. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన ఫార్ములా-ఈ పందెంలో సైతం కార్లు గాడులున్న టైర్లతోనే పరుగెత్తాయి.

అంగడిలో కొనేటప్పుడు ప్రక్కగోడపై గల నాలుగంకెల తేదీని చూడాలి. ‘1524’ అంటే 2024వ సంవత్సరపు 15వ వారంలో తయారైనదని. ఏళ్ల తరబడి ఎండలో నిలిచిన కారు టైరు అరగకపోయినా బిరుసెక్కి పగుళ్లు తీస్తుంది. అరిగిన టైరులో గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే దానిని మార్చవలసిందే. వానాకాలానికి ముందైతే అంతవరకు ఆగకపోవడం మంచిది.