న్యాయస్థానాల పరిశీలనలోని అంశాలు – చట్టసభల్లో చర్చకు పరిమితులు

చట్టసభల్లో సభ్యులు అడిగే ప్రశ్నలకు "ఈ విషయం న్యాయస్థానం పరిశీలనలో ఉన్నది" అన్న ఒక్క వాక్యంతో సమాధానం ముగిసే సందర్భాలు కలవు. పోడు భూములు, ముంపు, పునరావాసం వంటి సమస్యలు గల ఖమ్మం, భద్రాచలం అటవీ ప్రాంత ప్రజలకు ఆ ఒక్క వాక్యం వలన అందవలసిన సమాచారం అందకుండా పోవచ్చును. కావున ఈ నియమం పరిధిని అధికారులు, పాత్రికేయులు స్పష్టంగా తెలుసుకొనవలసిన అవసరమున్నది.

లోక్‌సభ కార్యవిధాన నియమావళిలోని 352వ నియమం ప్రకారం, న్యాయ నిర్ణయం వెలువడవలసియున్న వాస్తవాంశాన్ని సభ్యుడు తన ప్రసంగంలో ప్రస్తావించరాదు. రాజ్యసభలో 238వ నియమం ఇదే విధంగా నిర్దేశిస్తున్నది. ప్రశ్నలకు, వాయిదా తీర్మానాలకు కూడా ఇటువంటి పరిమితి వర్తిస్తుంది. విచారణపై ప్రభావం పడరాదన్నదే దీని ఉద్దేశం. ఇది సభ తనకు తాను విధించుకొన్న నియంత్రణ. అది ఎప్పుడు వర్తించునో నిర్ణయించే అధికారం సభాధ్యక్షులదే గాని సమాధానం తయారుచేసే శాఖది కాదు.

న్యాయమూర్తుల విధి నిర్వహణపై చర్చకు సంబంధించిన నిషేధం ఇందుకు భిన్నమైనది. అది రాజ్యాంగమే విధించినది. 121వ అధికరణం పార్లమెంటుకు, 211వ అధికరణం రాష్ట్ర శాసనసభలకు వర్తిస్తాయి. న్యాయమూర్తిని తొలగించవలసిందిగా రాష్ట్రపతిని కోరే తీర్మానం సందర్భంలో మాత్రమే పార్లమెంటుకు మినహాయింపు కలదు.

వ్యాజ్యం పెండింగులో ఉన్నంత మాత్రాన శాసన నిర్మాణం ఆగదు. పోలవరం ప్రాజెక్టుపై ఒడిశా ప్రభుత్వం 2007లో సుప్రీంకోర్టులో దావా దాఖలు చేసింది. ఆ దావా విచారణలో ఉండగానే 2014 మే నెలలో ఖమ్మం జిల్లా ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో చేర్చుతూ ఆర్డినెన్సు జారీ అయింది. దాని స్థానంలో తెచ్చిన సవరణ బిల్లును తెలంగాణ, ఒడిశా సభ్యులు వ్యతిరేకించగా, లోక్‌సభ 2014 జూలై 11న, రాజ్యసభ జూలై 14న ఆమోదించాయి.

ప్రశ్నల విషయంలోనూ ఇదే విచక్షణ అవసరం. అటవీ హక్కుల చట్టం, 2006 చెల్లుబాటును సవాలు చేస్తూ 2008లో సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ దాఖలైంది. చట్టం చెల్లునా లేదా అన్నది న్యాయస్థానం తేల్చవలసిన అంశం. అయితే పెనుబల్లి వంటి అటవీ సరిహద్దు మండలంలో ఎన్ని దరఖాస్తులు అందినవి, ఎన్ని పట్టాలు పంపిణీ అయినవి, ఎన్ని పెండింగులో ఉన్నవి అన్నది పరిపాలనా సమాచారం. న్యాయస్థానం ప్రత్యేకంగా ఆంక్ష విధించని పక్షంలో, వ్యాజ్యంలోని వివాదాంశం జోలికి పోకుండా ఈ వివరాలను సభకు సమర్పించవచ్చును.

సమాధానాలు తయారుచేసే అధికారులు కేసు నంబరు, న్యాయస్థానం పేరు, అది తేల్చవలసిన అంశం, ఉత్తర్వుల స్థితి పేర్కొని, మిగిలిన ప్రశ్నకు పూర్తి వివరాలు ఇవ్వడం సముచితం. సమాధానం నిరాకరించబడినప్పుడు, వివాదంలో ఉన్నది ప్రశ్న మొత్తమా, అందులోని ఒక భాగమా అన్నది పాత్రికేయులు పరిశీలించదగిన విషయం.