సైకిలుపై చెన్నపట్నపు విగ్రహములు

మన నగరములలో విగ్రహములకు కొదువ లేదు. వానిని చూచువారికే కొదువ. నాలుగు వీథుల కూడలిలో ఒక మహనీయుడు చేయి యెత్తి నిలిచియుండును. బస్సులో పోవువానికి ఆయన యెవరో గుర్తు వచ్చులోపల మలుపు దాటిపోవును. కాలినడకను పోవువాడు రెండు విగ్రహములు చూచి, మూడవదానికి ఎండకు జంకి యిల్లు చేరును. ఈ రెంటికి నడుమ సైకిలు కలదు. దానిపై పోవుచు తల యెత్తి చూడవచ్చును; తోచినచోట దిగి పీఠము చుట్టును తిరిగి రావచ్చును. విగ్రహమునకు వీపు కూడ ఉండునని మాకు సైకిలెక్కిన పిమ్మటనే తెలిసినది.

ఇట్టి విహారమునకు చెన్నపట్నము మిక్కిలి అనువైన ఊరు. మిట్టపల్లములు లేని నేల. సముద్రము వెంట తిన్నగా సాగు రాజమార్గము. మేము నలుగురము ఒక ఆదివారము తెలతెలవారుచుండగా, ఆకాశవాణి భవనమునకు చేరువనున్న దీపస్తంభము కడ బయలుదేరితిమి. రద్దీ మొదలు కాకమునుపే మెరీనా తీరము దాటవలెనని మా సంకల్పము.

ఈ తీరపు రోడ్డునకు నేడు కామరాజర్ సాలై అని పేరు. దీని వెంట వరుసగా కనబడు విగ్రహములలో పెక్కు 1968 జనవరిలో, అణ్ణాదురై ముఖ్యమంత్రిగా నున్నప్పుడు, ప్రపంచ తమిళ మహాసభ సందర్భమున వెలసినవి. తిరువళ్ళువరు, అవ్వైయారు, కంబరు, భారతి మొదలగువారి నడుమ ముగ్గురు ఐరోపావారు నిలిచియుండుట చూచి క్రొత్తవారు విస్తుపోవుదురు. తిరుక్కుఱళును ఆంగ్లీకరించిన జి.యు. పోపు, వీరమాముని యను పేర ప్రసిద్ధుడైన ఇటలీ దేశపు మతగురువు బెస్కి, మూడవవాడు కాల్డ్వెల్. కాల్డ్వెల్ మనకును కావలసినవాడే. 1856లో వెలువడిన ఆయన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణములో తెలుగునకు పెద్ద స్థానమున్నది. అయితే తెలుగు, తమిళ, కన్నడములు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, వానిది వేరొక కుదురనియు అంతకు నలువది యేండ్లకు ముందే, 1816లో, ఈ నగరపు కలెక్టరు ఎల్లిసు వ్రాసియుండెను. కాంబెల్ దొర రచించిన తెలుగు వ్యాకరణమునకు చేర్చిన ఉపోద్ఘాతములో ఆ మాట ఉన్నది. ఈ వరుసలో ఎల్లిసునకు చోటు దొరకలేదు. పీఠికలు వ్రాసినవారికి పీఠములు దక్కుట అరుదు కాబోలు!

ఈ పదిమందిలోను ఒక చేత కాలియందె పట్టుకొని న్యాయమడుగుచున్న కణ్ణగి మూర్తి తీవ్రమైనది. సిలప్పదికారములో ఆమె మధురానగరమునే దహించినది. తన విగ్రహము చరిత్రయు ప్రశాంతముగా సాగలేదు. 2001 డిసెంబరులో దానిని తొలగించిరి. పెద్ద వివాదము చెలరేగెను. ప్రభుత్వము మారిన పిమ్మట 2006 జూనులో కణ్ణగి మరల తీరమునకు వచ్చెను. అదే యేట అదే రోడ్డున వెలసిన శివాజీ గణేశనుగారి విగ్రహము వాహనములవారి చూపునకు అడ్డమను వ్యాజ్యమునకు గురియై, 2017లో అడయారులోని స్మారక మందిరమునకు తరలినది. కంచుతో పోసిన మూర్తియైనను కదలక నిలుచునని నమ్మరాదు. మన హైదరాబాదులో 1986లో ట్యాంకుబండుపై నిలిపిన మహనీయుల మూర్తులు అనేకము 2011 మార్చి 10వ తేదీన పగిలి, పిదప మరల లేచిన సంగతి పాఠకులకు తెలిసినదే.

ఉత్తరముగా సాగినచో శ్రమవిజయ మను శిల్పము వచ్చును. ఇది 1959లో నెలకొన్నది. రచించినవాడు దేవీప్రసాద్ రాయ్ చౌధురి. సుమారు మూడు దశాబ్దములు ఈ నగరపు చిత్రకళాశాలకు అధ్యక్షుడుగా నుండిన వంగదేశీయుడు. నలుగురు మనుష్యులు ఒక పెనుబండను కదలించుటకు పెనగులాడుచున్నారు. పేరు లేదు, పదవి లేదు, తలపాగాలో తురాయి లేదు. ముందునుండి చూచిన బండయే కనబడును. ప్రక్కకు, వెనుకకు తిరిగినగాని ఆ నరముల బిగువు, మడమల ఊత తెలియవు. శిల్పి స్వయముగా కుస్తీ పట్టినవాడట. ఆ వీపులను చూచినచో నమ్మవలసినదే. మన దేశమున మే దినోత్సవమును 1923లో సింగారవేలు మొదటిసారి జరిపినది ఈ నగరపు సముద్రతీరముననే గనుక, ఈ శిల్పమునకు ఇంతకన్న తగిన తావు లేదు. మేము ఇచ్చట అరగంట నిలిచితిమి. తీరమున గల విగ్రహములన్నిటిలో మా ఓటు దీనికే.

నేపియరు వంతెన దాటి, కోటలోని మ్యూజియమున ఉన్న కార్న్‌వాలిసు పాలరాతి విగ్రహమును మరియొకనాటికి వాయిదా వేసి, ఐలాండు మైదానము వైపు తిరిగితిమి. అచ్చట ఎత్తైన పీఠముపై అశ్వారూఢుడై సర్ తామస్ మన్రో ఉన్నాడు. లండను శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ మలచిన ఈ కంచు విగ్రహము 1839లో నెలకొన్నది. గుఱ్ఱమునకు జీను లేదు, రికాబులు లేవు. దొర కాళ్ళు గాలిలో వ్రేలాడుచున్నవి. అంతవరకు పెడళ్ళపై పాదములాన్చి వచ్చిన మాకు ఆ కాళ్ళే మొదట కంటబడినవి. శిల్పి మరచిపోయెనని ఊరివారు చెప్పుకొందురు. అది కట్టుకథ. చాంట్రీ లండనులో నాలుగవ జార్జి రాజునకు చేసిన విగ్రహమునకును జీను రికాబులు లేవు. ప్రాచీన రోమను వరవడిని అనుసరించి చేసిన పని యది.

ఇచ్చటనే మాలో వాదము పుట్టినది. ఆంగ్ల దొర విగ్రహము ఇంకను ఏల అని ఒకరు. రెండవవారు గుత్తి ప్రాంతమువారు. వారి తాతతండ్రి పేరు మన్రోలప్ప! మన్రో 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు కలెక్టరుగా నుండి, పాళెగాండ్రను అణచి, రైతుతో నేరుగా పన్ను కుదుర్చుకొను రైత్వారీ పద్ధతిని స్థిరపరచినవాడు. ఆ పన్ను అధికమని తానే యొప్పుకొని నాలుగవ వంతు తగ్గింపవలెనని పైవారికి వ్రాసెను. గవర్నరుగా నుండి, స్వదేశమునకు మరలుటకు ముందు ఆ మండలములను కడసారి చూడబోయి, 1827 జూలైలో పత్తికొండలో విశూచికి బలియయ్యెను. ఆయన పేరు బిడ్డలకు పెట్టుకొన్నవారు సర్కారు ఉత్తరువునకు లోబడి పెట్టుకొనలేదు గదా! అట్లని పాళెగాండ్ర వంశీకులు ఈ విగ్రహమునకు మ్రొక్కవలె ననుటయు న్యాయము కాదు. మాకు తోచినంతలో మన్రో ఇచ్చటనే ఉండవచ్చును.

నీలు దొర సంగతి వేరు. ఆయన విగ్రహము మౌంటు రోడ్డున, స్పెన్సరు భవనమున కెదురుగా ఉండెడిది. 1857లో అలహాబాదు, కాన్పూరులలో ఆయన జరిపించిన కఠోర దండనలను మరువలేని యువకులు 1927లో ఆ విగ్రహముపై సత్యాగ్రహము చేసి చెరసాలల పాలైరి. పదేండ్లకు, 1937లో, రాజాజీ మంత్రివర్గము దానిని తొలగించి మ్యూజియమునకు పంపెను. పగులగొట్టలేదు, కరగింపలేదు. ఈ పద్ధతి మాకు నచ్చినది. వీథిలో నిలుపుట గౌరవము. మ్యూజియములో ఉంచుట జ్ఞాపకము. నీలునకు రెండవది చాలును.

రిపను భవనము కడ పిట్టి త్యాగరాయ సెట్టిగారిని పలుకరించి, తిరిగి మౌంటు రోడ్డునకు వచ్చునప్పటికి తొమ్మిది గంటలైనది. ఇప్పుడు దానికి అణ్ణా సాలై అని పేరు. నీలు విగ్రహము సరిగా ఎచ్చట ఉండెడిదో ఊహించుచు రోడ్డు ప్రక్కన సైకిళ్ళు నిలిపితిమి. ఒక తేనీరు అంగడివానిని అడుగగా, "ఇక్కడ విగ్రహమా? ఎవరిది?" అని ఎదురు ప్రశ్న వేసెను. సమాధానము చెప్పబోవునంతలో వెనుకనుండి బస్సు హారను మ్రోగినది. దారి విడిచి సైకిళ్ళెక్కితిమి.