రివాజు వేరు, షరీఅత్ వేరు

గత నెలలో జుమా నమాజు తరువాత ఒక సోదరుడు మస్జిదు వరండాలో మా పక్కన వచ్చి కూర్చున్నాడు. తల్లి ముందే పోయింది. తండ్రి చనిపోయి ఏడాది దాటింది. ఐదెకరాల పొలం మిగిలింది. వారసులు ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు.

"మౌల్వీసాబ్, మా ఖాందాన్‌లో ఆడపిల్లలకు ఆస్తి ఇచ్చే రివాజు లేదు. చెల్లెలి పెళ్ళికి మా అబ్బా మూడు లక్షలు ఖర్చు పెట్టారు. ఇప్పుడు ఆమె హిస్సా అడుగుతోంది. తాతల నాటి రివాజు కూడా చట్టమే కదండీ?" అన్నాడు.

ఆయన మోసగాడు కాదు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. పెద్దలు చేసిందే ధర్మమని నమ్మాడు. మనలో చాలామంది పరిస్థితి ఇదే. అందుకే ఒక నియమం చట్టమని దేన్నిబట్టి తేలుతుందో ఈ వారం చూద్దాం.

ఆధారాలు నాలుగు

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఈ ప్రశ్న కోసమే ఒక విద్య ఉంది. దాని పేరు ఉసూలె ఫిఖ్. మద్రసాలో విద్యార్థి ఏ మసలా చెప్పినా ఉస్తాదు వెంటనే "దలీల్ ఏమిటి?" అని అడుగుతాడు. ఆధారం చూపలేని మాట ఎంత పెద్దవారిదైనా అది వారి అభిప్రాయమే.

సున్నీ ధర్మవేత్తలు ప్రధానంగా నాలుగు ఆధారాలు చెప్పారు. మొదటిది దివ్య ఖుర్ఆన్. రెండవది దైవప్రవక్త (స) సున్నత్. మూడవది ఇజ్మా, అంటే ధర్మపండితుల ఏకాభిప్రాయం. నాలుగవది ఖియాస్. స్పష్టమైన ఆదేశం ఉన్న విషయంతో కొత్త విషయాన్ని పోల్చి, కారణం ఒకటే అయితే అదే తీర్పు వర్తింపజేయడం ఖియాస్. ఖుర్ఆన్ మద్యాన్ని నిషేధించింది. నిషేధానికి కారణం మత్తు. గంజాయిలోనూ మత్తు ఉంది కనుక అదీ హరామే.

వీటిలో క్రమం ముఖ్యం. పై ఆధారంలో స్పష్టమైన ఆజ్ఞ ఉండగా కిందిదాన్ని పట్టుకుని దాన్ని కాదనడానికి వీల్లేదు. హిజ్రీ 204 (క్రీ.శ. 820)లో పరమపదించిన ఇమామ్ షాఫిఈ (రహ్మ) తన 'అర్రిసాలా' గ్రంథంలో ఈ విషయాలను శాస్త్రంగా కూర్చారు.

ఖలీఫా కూడా సాక్ష్యం అడిగారు

హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజుల్లో ఒక వృద్ధురాలు వచ్చి, మరణించిన మనవడి ఆస్తిలో తన వాటా ఇప్పించమంది. అల్లాహ్ గ్రంథంలో ఆమె వాటా ప్రస్తావన లేదని, ప్రవక్త (స) సున్నత్‌లో ఉన్నట్టు కూడా తనకు తెలియదని, ఇతరులను విచారించి చెబుతానని ఆయన అన్నారు. విచారించగా, ప్రవక్త (స) అవ్వకు ఆరవ వంతు ఇప్పించగా చూశానని హజ్రత్ ముగీరా బిన్ షూబా (రజి) చెప్పారు. నీతోపాటు మరెవరైనా ఉన్నారా అని ఖలీఫా అడిగారు. హజ్రత్ ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) లేచి అదే సాక్ష్యం ఇచ్చారు. అప్పుడు మాత్రమే ఆమెకు ఆరవ వంతు దక్కింది.

పాలకుడు కావాలనుకుంటే సొంతంగా ఏదో ఒకటి నిర్ణయించి ఉండవచ్చు. కానీ ఆయన చట్టాన్ని తయారు చేయలేదు, వెతికారు. తరువాతి కాలంలో అబ్బాసీ ఖలీఫా ఒకరు ప్రజలందరిపై 'మువత్తా' గ్రంథాన్నే శాసనంగా విధిస్తానంటే, దాన్ని రాసిన ఇమామ్ మాలిక్ (రహ్మ) స్వయంగా వద్దన్నారు. సహాబాలు వివిధ ప్రాంతాలకు వెళ్ళారని, అక్కడివారికీ వారి ద్వారా జ్ఞానం అందిందని ఆయన వాదన.

రివాజుకు చోటు లేదా?

ఉంది. దాన్ని ఉర్ఫ్ అంటారు. నికాహ్‌లో మహర్ నిర్ణయం కాకపోతే, ఆమె తండ్రి వైపు స్త్రీలకు మామూలుగా ఎంత కట్టారో చూసి నిర్ణయిస్తారు. అది రివాజును అనుసరించడమే. వ్యాపారంలో, కూలి నిర్ణయంలో కూడా ఊరి వాడుకను గౌరవిస్తారు. షరతు ఒక్కటే. ఖుర్ఆన్, సున్నత్‌ల స్పష్టమైన ఆదేశానికి అది ఎదురు నిలవకూడదు.

వారసత్వం విషయంలో రివాజు ఒకసారి ఎదురు నిలిచి ఓడిపోయింది. ఉహద్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. నాటి అరబ్బుల ఆచారం ప్రకారం ఆయన సోదరుడు ఆస్తి మొత్తం తీసుకున్నాడు. భార్య ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకుని ప్రవక్త (స) సన్నిధికి వచ్చి మొర పెట్టుకుంది. అప్పుడే నిసా సూరాలోని వారసత్వ ఆయత్ అవతరించింది. కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదవ వంతు ఇచ్చి మిగిలింది తీసుకోమని ప్రవక్త (స) ఆ సోదరుణ్ణి ఆదేశించారు. ఆస్తిని 24 భాగాలు చేస్తే కూతుళ్ళకు 16, భార్యకు 3 పోగా, అంతా తనదే అనుకున్నవాడికి దక్కినవి 5.

మన దేశ చట్టం

మన దేశంలోనూ ఒకప్పుడు కోర్టులు రివాజును చట్టంగా అంగీకరించేవి. పంజాబు భూస్వామి కుటుంబాల్లో, ఖోజా, మేమన్ వర్తకుల్లో ఆ పేరుతోనే ఆడపిల్లల వాటా పోయింది. ముస్లిం మహిళా సంఘాలు దీన్ని ఖండించాయి. ఫలితంగా 1937లో షరీఅత్ అన్వయ చట్టం వచ్చింది. వీలునామా లేని వారసత్వం, నికాహ్, మహర్ వంటి విషయాల్లో విరుద్ధమైన ఆచారం ఏదున్నా ముస్లింలకు షరీఅతే వర్తిస్తుందని అది తేల్చింది. అయితే వ్యవసాయ భూమిని మినహాయించింది. 1949లో మద్రాసు శాసనసభ ఆ మినహాయింపును తొలగించింది. అప్పుడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఇక షరీఅత్‌లో పొలానికీ ఇంటికీ తేడా ఏనాడూ లేదు.

మా జవాబు

ఆ సోదరునితో మేము ఇదే చెప్పాము. ముందు తండ్రి అప్పులు తీర్చండి. వసియ్యత్ ఉంటే హద్దు మేరకు నెరవేర్చండి. మిగిలినదాన్ని ఐదు భాగాలు చేసి అన్నదమ్ములు రెండేసి తీసుకోండి, చెల్లెలికి ఒకటి ఇవ్వండి. అంటే ఐదెకరాల్లో ఎకరం ఆమెది. పెళ్ళి ఖర్చు తండ్రి తన జీవితకాలంలో ఇష్టపడి పెట్టింది. దానితో వారసత్వ హక్కు చెల్లిపోదు. ఆమె సంతోషంగా వదులుకుంటే వేరు సంగతి. పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో పెట్టిన సంతకం సంతోషం కాదు.

"మీరు చెబితే చట్టమైపోతుందా?" అని ఆయన అడిగాడు. కాదు. మాది అభిప్రాయం మాత్రమే. ఫత్వాను ఎవరిపైనా బలవంతంగా అమలు చేయడానికి వీల్లేదని 2014లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. కానీ ఆ ఎకరం మా మాటతో ఆమెది కాలేదు. ఖుర్ఆన్ ఆయత్‌తో అయింది.

"ఆలోచిస్తాను" అని ఆయన లేచాడు. ఆ చెల్లెలికి పొలం అందినట్టు మాకింకా కబురు రాలేదు.

సోదర సోదరీమణులారా! ఈ హిస్సాలు తాను విధించిన హద్దులని అల్లాహ్ ప్రకటించాడు. వాటిని అతిక్రమించేవారిని నరకశిక్షతో హెచ్చరించాడు. ఈ రోజు మీ ఇంట్లో ఎవరి వాటా ఎవరి దగ్గర ఉందో ఒక్కసారి లెక్క చూసుకోండి. హక్కుదారుల హక్కు అందించే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.