పటము కథకులు: వృత్తి మర్యాద

వీథులలో ఆడిపాడి జీవించువారి నెల్ల యాచకులనుట మనలో వాడుకయైనది. ఓరుగల్లు సీమలోని పటము కథకుల వృత్తిని పరిశీలించినచో ఈ మాట యెంత పొసగనిదో తెలియగలదు.

వీథివినోదములు మనకు క్రొత్తవి కావు. జనగామ ప్రాంతమునందలి పాలకుర్తివాడగు సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున శ్రీశైల శివరాత్రి యుత్సవములను వర్ణించుచు, గడలపై నాడువారిని, బొమ్మల నాడించువారిని పేర్కొనెను. ఓరుగంటి వీథుల వేడుకలకు క్రీడాభిరామము సాక్షి.

ఈ సీమయందు కొన్ని కులములకు వారి పురాణమును చెప్పు ఆశ్రితవర్గము వేఱుగా నున్నది. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును వినిపింతురు. ఒక్కొక్క కుటుంబమునకు కొన్ని యూళ్లు వంతు; ఆ వంతు తండ్రినుండి కొడుకులకు సంక్రమించును. ధాన్యము, వస్త్రము, రొక్కము కథకునకు రావలసిన కట్టడియే గాని దయతో వేసిన భిక్ష గాదు. దాతకును ఫలము గలదు: తన కులోత్పత్తిని, గోత్రమును, గౌరవమును ఊరందఱు వినునట్లు చెప్పించుకొనును.

పటమును చేర్యాల నకాశీలు వ్రాసెడివారు. నూలుగుడ్డకు గంజి, తెల్లమట్టి, చింతగింజల జిగురు పూసి యారబెట్టి, ఎఱ్ఱని నేలపై కథాఘట్టములను వరుసగా దింపుదురు. కథకుడు నిలువుగా వ్రేలాడు పటమును విప్పుచు, కఱ్ఱతో బొమ్మను చూపుచు పాడును. జీర్ణించిన పటమును పాఱవేయక విధ్యుక్తముగా నదిలో గలుపుదురు.

ఆ విక్టోరియా రాణి కాలముననే (1837–1901) లండనులో వీథివినోదకులు బాటసారి విసరు నాణెముపై నాధారపడిరి. హెన్రీ మేహ్యూ వారి మాటలనే వ్రాసికొని 1851 మొదలు ప్రకటించిన గ్రంథమున వారి కడగండ్లు విశదములు. 1864 నాటి చట్టము, గృహస్థు తగిన కారణముతో వలదన్నచో గాయకుడు తొలగవలెనని విధించెను. వారికి ఊరిపై హక్కు లేదు, మనవారికి గలదు. అయినను సంచారమునే నేరముగా జూచు దృష్టి యిచ్చటికిని వచ్చెను. 1871 నాటి నేరస్థజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి విస్తరింపగా, దొమ్మరులలో కొందఱు దాని పాలైరి. 1952లో గాని అది తొలగలేదు.

పటములు కొన్ని సంగ్రహశాలలకు జేరినవి. చేర్యాలలో నేడు గోడకు వ్రేలాడదీయు చిన్న చిత్రములే విరివిగా వ్రాయబడుచున్నవి. కాని పాట లేని పటము సగము గ్రంథమే. కాళేశ్వరము మొదలు జనగామ వఱకు గల పల్లెలలో పనిచేయు పండితులు, కథకుని పాటను, అతని యూళ్ల వంతును గూడ వ్రాసికొందురేని, ఒక వాఙ్మయమేగాక ఒక న్యాయమును నిలిపినవారగుదురు.