మెచ్చిన పాటను పదుగురికి చెప్పుట



మంచి మామిడిపండు చేతికి వచ్చినపుడు మన మొక్కరమే తినము. ఒక ముక్క కోసి పక్కవానికి పెట్టి, "రుచి యెట్లున్నది?" అని యడుగుదుము. అతడు తల యూపిన పిమ్మట గాని మన సంతోషము నిండదు. సంగీతము విషయమును ఇంతియే. తనకు నచ్చిన పాటను మరియొకనిచేత వినిపింపక రసికుడు ఊరకుండలేడు. ఈ యలవాటు మనలో ఎట్లు పెరిగినదియు, దాని మర్యాద యెట్టిదియు, అది నశించినచో మనకు వాటిల్లు నష్ట మేమియు ఈ ప్రసంగమున మనవి చేసెదను.

పూర్వము పాట వినవలెనన్న పాడువాని యెదుట కూర్చుండవలసినదే. విన్నవాడు ఊరికి వచ్చి, "ఆహా, ఏమి పాడినాడు!" అని చెప్పగలడే కాని, ఆ పాటను మూటగట్టి తేలేడు. 1877లో ఎడిసన్ ధ్వనిని పట్టి మరల వినిపించు యంత్రమును నిర్మించెను. 1887లో బెర్లినర్ అను నాతడు గుండ్రని పళ్లెముపై ధ్వనిని గీయు పద్ధతికి హక్కుపత్రము కోరెను. ఒక్క అచ్చునుండి వేలకొలది పళ్లెములు తీయవచ్చును గనుక, పాట నాటినుండి చేతులు మారదగిన వస్తువైనది. 1902వ సంవత్సరము నవంబరులో కలకత్తాయందు గౌహర్ జాన్ అను ప్రసిద్ధ గాయని పాడగా పట్టుకొనిరి. పాట చివర ఆమె తన పేరు తానే ఇంగ్లీషున చెప్పుకొనెను. ఆ యచ్చులను దూరమున నున్న జర్మనీలోని హానోవరు నగరమునకు పంపి పళ్లెములు వేయించుచుండిరి. అచ్చటివారికి ఇది యెవరిపాటయో తెలియుట కిది యుపాయము. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారము వెలసిన తరువాత పళ్లెములు మనదేశముననే తయారు కాసాగినవి.

ఆ ప్లేట్లలోని ముఖ్యద్రవ్యము మనము ఎరిగిన లక్కయే. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై చిన్నపురుగు స్రవింపజేయు ఆ లక్కను రాతిపొడితోను నల్లని మసితోను కలిపి, వేడిచేసి అచ్చొత్తుదురు. ప్లేటుపై చుట్టచుట్టగా ఒకే గాడి యుండును. అది పక్కలకు వంకరలు పోవుచుండును. ఆ వంకరలే పాట. ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరుగుచుండగా ఉక్కుముల్లు ఆ వంకరల వెంట కదలి, పలుచని రేకును అదరించును; ఆ యదురు బాకాలో పెద్దదై మన చెవి సోకును. లక్కతో కలిసిన రాతిపొడి ముల్లును అరగదీయును గనుక ఒక్కొక్క వైపునకు ఒక క్రొత్తముల్లు మార్చవలసి యుండెను. ముల్లు మార్చుటకు లోభించినవాని ప్లేట్లు త్వరలో బొంగురుపోయెడివి.

పది అంగుళముల ప్లేటుపై ఒక వైపున ఇంచుమించు 3 నిమిషముల పాట మాత్రమే పట్టును. కచేరీలో గంటసేపు రాగము విస్తరించు విద్వాంసుడు ఆ 3 నిమిషములలో రాగస్వరూపమును చూపవలసి వచ్చెను. కొంద రిది సంగీతమునకు సంకెల యనిరి. కాని ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు వంటివి విన్నవారికి, గంపెడు పూలనుండి తీసిన అత్తరుబొట్టువలె, కొద్దిలోనే ఎంత ఇముడునో తెలియును.

పెద్దకృతులును, నాటకములును ఒక్క ప్లేటులో ఇమడవు. అందుచే పెక్కు ప్లేట్లను, పుస్తకపు పుటలవలె కుట్టిన అట్టసంచులలో పెట్టి అమ్ముచుండిరి. ఛాయాచిత్రములు దాచుకొను పుస్తకమును పోలియుండుటచే దానికి ఆల్బమ్ అను పేరు వచ్చినది. 1948లో అమెరికాలో ఒక్కొక్క వైపున 20 నిమిషములకు పైగా వినిపించు పెద్దప్లేటు బయలుదేరగా, ఆ పుస్తకమంతయు ఒక్క పళ్లెమున ఇమిడినది. పేరు మాత్రము మారక నిలిచినది.

మన తెలుగునాట గ్రామఫోను ఉన్న యిల్లు ఊరికి ఒకటో రెండో యుండెడివి. సాయంకాలమున ఆ యింటి అరుగు నిండెడిది. నాటకపద్యముల ప్లేట్లు మోయించి, రాగము తీసిన తీరును గూర్చి వాదులాడుకొనెడివారు. స్థానం నరసింహారావుగారి గాత్రమును, కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యమును, వారి నాటకము నెన్నడు చూడనివారు సైతము గుర్తుపట్టుటకు ఈ ప్లేట్లే కారణము. ఒకరి ప్లేటు మరియొకరు అడిగి తీసికొనిపోయెడివారు. "మొదటివైపు అందరు వినునదే, రెండవవైపు వేసి, చరణము ఎత్తుకొనుచోట చెవి పెట్టుము" అని చెప్పి యిచ్చెడివారు. ఈ ఒక్క మాటలో ఎంతటి విద్య కలదో గమనింపుడు. పాట మంచిదని చెప్పుట వేరు. ఎచ్చట మంచిదో చూపుట వేరు. మొదటిది పొగడ్త, రెండవది ఉపదేశము.

ఈ ఉపదేశము లోపించినచో ఏమగునో ఒక యుదాహరణ చెప్పెదను. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1974లో కీర్తిశేషులైరి. వారు గానము చేసిన భగవద్గీత, శ్లోకమును తెలుగు తాత్పర్యమును కలిపి, చదువురానివానికి గూడ అందినది. కాని క్రమముగా దానిని మరణము సంభవించిన యింటనే మ్రోగించు వాడుక పెరిగినది. నేడు పలుచోట్ల అది వినబడినంతనే "ఎవరు పోయినారు?" అని యడుగుదురు. బ్రతికియున్నవాడు కర్తవ్యము తెలిసికొనుటకై చెప్పబడిన గీత పోయినవాని చెంత మాత్రమే వినబడుట విచారకరము కాదా? 1963లో సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వరసుప్రభాతము ప్లేటుగా వచ్చి, ప్రతి వేకువయు ఇంటింట నిలిచినది. మొదట ఎవరో పెద్దలు మనకు ఎప్పుడు, ఎట్లు వినవలెనో అలవాటు చేసిరి. గీతను గూడ ఒక ఉదయము మనుమని పక్కన కూర్చుండబెట్టుకొని వినిపించినచో, ఆ భయము తొలగును.

ఇప్పుడు పాటకు కొరత లేదు. అరచేతిలోని ఫోనులో లక్షలాది పాటలు కలవు. ఆ యంత్రమే "ఇది వినుడు" అని సూచించును. మనమును, మనవంటివారును ముందు వినిన వానిని లెక్కించి అది చెప్పును. మనము ఏమి వింటిమో దానికి తెలియును. ఏల వింటిమో తెలియదు. ఆ "ఏల" అనునది పెద్దల నోటనే యున్నది.

కొంతకాలము క్రిందట ఒక మిత్రుని యింటి అటకపైనుండి పాతపెట్టె దింపిరి. అతని తాతగారి ప్లేట్లు 16 అందుండెను. ఎండవేడికి కొన్ని అప్పడములవలె వంగినవి, రెండు పగిలినవి. మిగిలినవానిపై పేర్లు స్పష్టముగా నున్నవి. ఊరిలో ఎన్నో ప్లేట్లు వచ్చియుండగా ఆయన ఈ 16టినే ఏల దాచినాడని నే నడిగితిని. ఆ యింట ఒక్కరును చెప్పలేకపోయిరి. ప్లేట్లు దొరికినవి, తాతగారి అభిరుచి దొరకలేదు.

కావున పెద్దలకు నా విన్నపము. మీకు నచ్చినవానిలో పదింటిని కాక ఒక్కదానినే యెన్నుకొనుడు. పది చెప్పినచో ఒక్కటియు వినరు. పాడినవా రెవరో, రాగ మేదో, చెవి పెట్టవలసిన చోటెచ్చటనో చెప్పుడు. మీరు దానిని మొదట ఎచ్చట వింటిరో ఆ కథ చెప్పుడు. వినువాని యభిరుచిని నిందింపకుడు. అతడు వినిపించు పాటను మీరును ఓపికతో వినుడు. ఇచ్చిపుచ్చుకొనుట రెండువైపుల నున్నప్పుడే నిలుచును. ఇంట లక్కప్లేట్లు ఉన్నచో ఎండ తగులనిచోట నిలువుగా నుంచుడు. మెత్తని పొడిబట్టతో తుడువుడు. స్పిరిటు తగిలినచో లక్క కరగిపోవును. నేటి యంత్రముల సన్నని ముల్లు వాని గాడికి సరిపడదు గనుక, తగిన ముల్లు గలవారిచేత ఒకమారు వినిపించి పాటను ఎత్తి వ్రాయించుడు. ఆ ప్లేటు మీకేల ప్రియమైనదో ఒక కాగితముపై నాలుగు పంక్తులు వ్రాసి, దానితోబాటు సంచిలో నుంచుడు.

ప్లేటు పగిలినచో మరియొకటి ఎచ్చటనైన దొరకవచ్చును. ఆ నాలుగు పంక్తులు మీరు వ్రాసిననే కలవు. సెలవు.