తీసివేయడమూ ఒక విద్యే

కంప్యూటరులో నడిచే ప్రోగ్రాములన్నింటికీ ఆధారమైన కేంద్రభాగం కెర్నెల్. నడుస్తున్న ప్రోగ్రామును హెచ్చరించడానికో, ఆపడానికో కెర్నెల్ అందించే చిన్న కబురును ‘సిగ్నల్’ అంటారు.

1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ వెర్షన్‌లో ఒక లోపం ఉండేది. సిగ్నల్ అందగానే, దానిని ఎదుర్కోవడానికి ప్రోగ్రాము చేసుకున్న ఏర్పాటు రద్దయ్యేది. తిరిగి ఏర్పాటు చేసుకొనేలోగా మరొక సిగ్నల్ వస్తే ప్రోగ్రాము అర్ధాంతరంగా ముగిసే ప్రమాదముండేది. 1983లో బర్క్‌లీ వారి 4.2 బీఎస్‌డీ దీనిని సవరించింది. 1988 నాటి పాజిక్స్ ప్రమాణం ‘సిగ్‌యాక్షన్’ అనే పద్ధతిని స్థిరపరచింది.

మరి పాత పద్ధతిని అప్పుడే తీసివేయవలసింది కదా అని పాఠకులకు తోచవచ్చు. కాని దానిని నమ్ముకొని వ్రాసిన ప్రోగ్రాములు ఎక్కడో పనిచేస్తూనే ఉంటాయి. అందువల్ల లినక్స్‌లో 32-బిట్ ఇంటెల్ ప్రోగ్రాములకు ఆ పాత పిలుపు నేటికీ నిలిచి ఉంది. అయితే దానికి ప్రత్యేక యంత్రాంగమేమీ లేదు. సిగ్‌యాక్షన్‌ను నడిపే భాగానికే అది పనిని అప్పగిస్తుంది. 64-బిట్ ప్రోగ్రాములకు పాత బాకీలు లేవు గనుక, వాటికి ఆ పిలుపును చేర్చనే లేదు.

ప్రయోగశాలలో పాత రసాయనాన్ని పారవేసే ముందు, దానిని వాడేవారున్నారా అని విచారిస్తాము. కెర్నెల్ విషయంలోనూ ఆ విచారణే అసలైన శ్రమ. చెరిపివేయడం క్షణంలో ముగుస్తుంది.